ఇంటికప్పుపై సూర్యవిద్యుత్తు: ముందుగా చూచుకొనవలసిన లెక్క

బోయినుపల్లి మార్కెట్టునకు కూరగాయలు తెచ్చు రైతులు సికింద్రాబాదు వీథులలో మేడలపై నల్లని పలకలను చూచియే యుందురు. అవి యెండను విద్యుత్తుగా మార్చు సోలారు పలకలు. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ‘పి.ఎం. సూర్యఘర్’ పథకమును ప్రారంభించి, కోటి యిండ్లకు ఈ సౌకర్యము కలిగింప సంకల్పించినది. 2025 మార్చి నాటికే దేశమున పదిలక్షల యిండ్లపై పలకలు అమర్చబడినవి. “మనమును ఏల పెట్టించుకొనరాదు?” అని సభ్యులు ప్రశ్నింపవచ్చును. పొరుగువాని కప్పును చూచి గాక, తన బిల్లును చూచి ప్రతివాడును నిర్ణయించుకొనవలెనని మా సమాధానము.

1. పనిచేయు విధము

ఒక కిలోవాటు పలకలకు సుమారు నూరు చదరపుటడుగుల నీడలేని చోటు కావలెను. మన ప్రాంతమున దానినుండి దినమునకు సగటున నాలుగు యూనిట్లు లభించును. వేసవిలో హెచ్చుగాను, ముసురు దినములలో తక్కువగాను ఉండును. పగలు మన వాడకము పోగా మిగిలిన విద్యుత్తు తీగెలగుండ కంపెనీకి పోవును. రాత్రి మనకు కావలసినది అచటినుండియే వచ్చును. ఈ రాకపోకలను నెట్ మీటరు లెక్కించును. గిడ్డంగిలో ధాన్యము వేసి, అవసరమైనపుడు తీసికొనుట వంటిదే యిది.

2. ఒక యింటి లెక్క

సికింద్రాబాదులో నెలకు 300 యూనిట్లు వాడు ఇల్లు ఒకటి ఉన్నదనుకొందము. 2022 ఏప్రిలులో అమలునకు వచ్చిన ధరలచొప్పున మొదటి 200 యూనిట్లకు యూనిటు 5 రూపాయల 10 పైసలు, తరువాతి నూటికి 7 రూపాయల 70 పైసలు. ఇతర రుసుములు గాక 1,790 రూపాయలగును. రెండు కిలోవాట్లు పెట్టినచో నెలకు సుమారు 240 యూనిట్లు వచ్చును. దుమ్మునకును, మబ్బునకును కొంత తీసివేసినను నెలకు 1,400 రూపాయలు మిగులును.

పెట్టుబడి 1,30,000 రూపాయలనుకొందము. సబ్సిడీ ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని పెట్టినచో 78,000 రూపాయలు. కావున ఈ గృహస్థుని చేతి సొమ్ము 70,000. అది నాలుగు సంవత్సరములకు పైచిలుకు కాలములో తిరిగి వచ్చును. అప్పు చేసినచో వడ్డీని కూడ కలుపుకొనవలెను.

3. తొందరపడనక్కరలేనివారు

తెలంగాణమున 2024 మార్చినుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల కుటుంబములకు నెలకు 200 యూనిట్లవరకు విద్యుత్తు ఉచితము. వ్యవసాయపు మోటార్లకు 2018 జనవరి 1వ తేదినుండి ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు అమలునకు వచ్చినది. కాబట్టి మోటారు వాడకమును ఇంటి లెక్కలో కలుపరాదు. సున్నబిల్లు వచ్చు ఇంట పలకలవలన మిగులునది సున్నయే. చేసిన అప్పు మాత్రము సున్న కాదు.

నాగరుకర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లెలో 2025లో ఇంటింటికి మూడేసి కిలోవాట్ల పలకలు పెట్టినారు గదా యని కొందరందురు. అచట సబ్సిడీకి తోడు సంస్థల విరాళములును లభించినవి. స్వంత సొమ్ము పెట్టువాని లెక్క వేరు.

4. జాగ్రత్తలు

బ్యాటరీ లేని సాధారణపు అమరిక కరెంటు పోయినపుడు, ఎండ కాయుచున్నను, ఆగిపోవును. తీగెలపై పనిచేయు మనిషికి ప్రమాదము కలుగకుండుటకే ఈ యేర్పాటు. కరెంటు కోతకు మందుగా భావించి దీనిని కొనరాదు.

వేపచెట్టు నీడ ఒక మూల పడినను ఉత్పత్తి తగ్గును. పలకలు దక్షిణాభిముఖముగా నుండవలెను. దుమ్మును అప్పుడప్పుడు కడుగవలెను. కప్పు బరువునకును, గాలికిని తట్టుకొనునో లేదో మేస్త్రీకి చూపవలెను.

పథకమున నమోదైన వ్యాపారికే పని యీయవలెను. సబ్సిడీ ముందు రాదు. పలకలు అమర్చి, నెట్ మీటరు పెట్టిన పిమ్మట బ్యాంకు ఖాతాలో పడును. అంతవరకు సొమ్ము సర్దుకొనగలమా యని చూచుకొనవలెను.

సభ్యులు చేయవలసిన పని

పండ్రెండు నెలల బిల్లులు తీసి యూనిట్లను కూడి, పండ్రెండింట భాగింపుడు. ఆ సగటు 200కు బాగుగా మించి, కప్పు స్వంతమై, నీడ లేనిదైనచో ఇద్దరు ముగ్గురు వ్యాపారులను ధర అడుగుడు. మించనిచో ఆ సొమ్మును మరియొక అక్కరకు ఉంచుకొనుడు. సూర్యుడు ఎచటికిని పోడు. లెక్క కుదిరిననాడే పెట్టుకొనవచ్చును.