ఓడదొంగల ఆట కొనేముందు

సముద్రం చూడాలంటే మా కొడకండ్ల వాళ్లం చీరాల దాకా పోవాలి. అయినా దసరాకో సంక్రాంతికో హైదరాబాద్ నుంచి, భీవండి నుంచి, సోలాపూర్ నుంచి ఊరికొచ్చే పిల్లల సంచుల్లో ఈమధ్య ఓడలు, ఫిరంగులు, పుర్రె జెండాల బొమ్మలున్న ఆటపెట్టెలు కనబడుతున్నాయి. పులిమేక, అష్టాచెమ్మ, పత్తాలు ఆడుతూ ముసలివాణ్ని అయినవాణ్ని కాబట్టి ఈ పెట్టెల ముందు కూడా నన్ను కూర్చోబెడుతున్నారు. "తాతా, ఏది కొనాలె?" అని అడిగినప్పుడల్లా చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. అంకెలు వేశాను గానీ, మొదటిది తప్ప మిగతావాటిలో ఏది ముందో ఏది వెనకో పట్టించుకోనక్కర్లేదు.

1. దోపిడీకి గురైనవాడి సంగతి అడగండి

దోపిడీ ఆట అనగానే ఎవరైనా ఎట్లా దోచుకోవాలో అడుగుతారు. దుకాణంలో కూడా అదే ఊరించి చెప్తారు. మీరు మాత్రం సరుకు పోగొట్టుకున్నవాడికి తన తరువాతి వంతులో చేయడానికి ఏం మిగులుతుందో అడగండి. కొన్ని ఆటల్లో వాడు లేచి పోవాల్సిందే. కొన్నిటిలో కూర్చునే ఉంటాడు గానీ గెలుపు ఆశ లేకుండా రెండు గంటలు పాచికలు వేస్తుంటాడు. ఇంకొన్నిటిలో పోయింది పోగా మళ్లీ లేచే దారి వాడి చేతిలోనే ఉంటుంది. ఈ చివరి రకమే కొనండి. నేను చెప్పే మిగతా మాటలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

అష్టాచెమ్మ ఇన్ని తరాలు ఎందుకు నిలిచింది? అది కూడా దోపిడీ ఆటే. కాయ చచ్చిందంటే మొదటి గడికి పోవాల్సిందే, చంపినవాడికి పైగా ఇంకో పందెం. కానీ చచ్చినవాడి చేతికి మళ్లీ నాలుగు గవ్వలు వస్తాయి. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గళ్లు. ఇంకోటి, ఒక్క కాయనైనా చంపనివాణ్ని మా ఇళ్లలో లోపలి గళ్లలోకి రానివ్వరు. అందుకని చంపడం పగలో లెక్క కాదు, దారిలో కట్టే సుంకం. మా ఇంటావిడ నా కాయను చంపితే ఆమెకు వేరే దారి లేదని నాకు తెలుసు. దారి ఉండి కూడా చంపినప్పుడు ఆ పూట చాయ్ ఆలస్యంగా వస్తుందని కూడా తెలుసు.

కొత్త పెట్టెల్లో ఈ గుణం నాకు బాగా కనబడింది జమైకా అనే ఆటలో. 2007లో వచ్చింది, ఆరుగురి దాకా ఆడొచ్చు. జమైకా దీవి చుట్టూ ఓడల పందెం. ఆ వంతు నాయకుడు రెండు పాచికలు వేసి ఒకటి పొద్దుటికి, ఒకటి సాయంత్రానికి పెడతాడు. ఆ రెండు అంకెలూ అందరికీ వర్తిస్తాయి. తలా ఒక కార్డు బోర్లా పెట్టి ఒకేసారి తిప్పుతారు. రెండు ఓడలు ఒకే చోటికి వస్తే పోరు. ఓడినవాడు ఒక అరలోని సరుకో, దాచిన నిధో ఇచ్చుకోవాలి. లేదా గెలిచినవాడు తన దగ్గరున్న శాపపు నిధిని వాడికి అంటగడతాడు. ఓడినవాడి ఓడ మాత్రం మునగదు. మిగతా అరలు వాడివే, మరుసటి పొద్దు వాడికీ ఉంది. పోగొట్టుకున్నవాడు నవ్వగలిగే ఏర్పాటు అది.

2. మనుషులను లెక్కపెట్టాకే పెట్టెను చూడండి

పెట్టె మీద నలుగురు అని ఉంటే నలుగురే. మా అరుగు మీద ఆట మొదలుపెట్టేటప్పుడు నలుగురుంటారు. గంటలో ఏడుగురవుతారు. పొలం నుంచి వచ్చినవాడు ఒకడు, మగ్గం దిగి వచ్చినవాడు ఒకడు, కూరగాయలకని బయలుదేరి ఆగినవాడు ఇంకొకడు. మర్చంట్స్ అండ్ మారౌడర్స్ అనే ఆట ఉంది, 2010 నాటిది. వర్తకం చేసుకోవచ్చు, దొంగతనానికి దిగొచ్చు, ఓడను పెంచుకోవచ్చు. బాగా ఆలోచించి కట్టిన ఆట. కానీ నలుగురికి మించి పట్టదు, మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. పట్నంలో వాననాడు తలుపేసుకుని ఆడుకునేవాళ్లకు పనికొస్తుంది, అరుగుకు పనికిరాదు.

జర్మనీకి చెందిన రైనర్ క్నిజియా 1992లో తయారుచేసిన చిన్న కార్డుల ఆట లూట్. ఎనిమిది మంది దాకా, జట్లుగా కూడా ఆడొచ్చు. సరుకు ఓడను బల్ల మీద పెట్టి వదిలేస్తావు. నీ వంతు తిరిగొచ్చేదాకా ఎవరూ దాని మీద పడకపోతే అది నీదే. పడితే, ఎవరి దొంగ ఓడల బలం ఎక్కువో వాళ్లది. పోయేది ఒక్క ఓడే కాబట్టి ఏడ్చేవాడు ఉండడు. జేబులో పడుతుంది, బస్సులో ఆడొచ్చు.

3. పెట్టె కొనేముందు పులిమేక గీయండి

మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు చోట్లు. సున్నపు ముక్కతో నేల మీద గీసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఓడదొంగల ఆటకు మన దగ్గర దీనికంటే దగ్గర చుట్టం లేదు. కొద్దిమంది బలవంతులు దూకి పట్టుకుపోతారు, బలహీనులు గుంపు కట్టి దారులు మూస్తారు.

కొత్తవాళ్లతో ఆడించి చూడండి. మొదటి ఆటలో ఎవడైనా పులులే కావాలంటాడు. గెలుస్తాడు కూడా. మేకలవాడు తొందరపడి మధ్యలోకి దించుతాడు కాబట్టి. రెండు మూడు ఆటలయ్యాక మేకలవాడికి తెలివొస్తుంది. అంచుల నుంచి కదులుతాడు, వెనక చోటు ఖాళీ వదలడు, పులికి దూకే దారే ఉండదు. అప్పుడు ఎవరేం అంటారో వినండి. మేకలు నడపడంలో రుచి దొరికినవాడికి వర్తకం, ఎత్తుగడ ఉన్న పెట్టె కొనిపెట్టండి. "నాకు పులులే కావాలె" అని ఇంకా మొండికేసేవాడికి పాచికలు, పోరు ఉన్నది. పక్కలు మార్చుకోనంటే ఆట అక్కడే ఆపండి. ఈ ఒక్క విషయంలో నేను పెద్దరికం చూపిస్తాను.

చూసేవాళ్ల నోటిని ఆపడం మాత్రం నావల్ల కాలేదు. పులిమేక ఇద్దరి ఆట అని పుస్తకాల్లో ఉంటుంది. మా దగ్గర ఇద్దరు కదుపుతారు, ఎనిమిది మంది ఆడతారు.

4. పత్తాలు వచ్చినవాళ్లకు కొత్త బల్ల అక్కర్లేదు

నా ఈడువాళ్లకు చిన్న అక్షరాల నియమాలు, ఓడల బొమ్మలు తలనొప్పి. వాళ్లకు స్కల్ కింగ్ ఇవ్వండి. 2013లో వచ్చిన కార్డుల ఆట. మొదటి చుట్టులో తలా ఒక ముక్క, పదో చుట్టులో తలా పది. ఎన్ని పట్లు పడతావో ముందే చెప్పాలి, అందరూ ఒకేసారి పిడికిలి బల్లకు కొట్టి వేళ్లు చూపించాలి. ఒక్కటీ పట్టను అని కూడా చెప్పొచ్చు. చెప్పినట్టు నిలబడటమే ఆట. దొంగలు అంకెల ముక్కలను కొడతారు, దొంగల రాజు దొంగలను కొడతాడు, సాగరకన్య ఆ రాజును కొడుతుంది, దొంగ మళ్లీ ఆ కన్యను పట్టుకుపోతాడు. రెండు చుట్లలో మా బావ నియమాలన్నీ నోటికి చెప్పేశాడు. ఆయనకు పెట్టె మీది పేరు ఇప్పటికీ నోరు తిరగదు.

పైసలు పెట్టి ఆడొద్దు. చింతగింజలు చాలు.

5. దూరపు దొంగ అయితేనే నవ్వగలం

ఇది కొంచెం నిదానంగా చెప్పాల్సిన మాట. ఓడదొంగ బొమ్మ మనకు ఎందుకు సరదాగా ఉంటుంది? వాడు మన ఇంటికి రాలేదు కాబట్టి. మా చుట్టుపక్కల దోచుకున్నవాళ్ల కథలు ఇంకా చల్లారలేదు. ఇక్కడి దొర విసునూరు దేశ్‌ముఖ్ పేరు ముసలివాళ్ల దగ్గర ఎత్తి చూడండి. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దొర మనుషుల పాలు కానివ్వకుండా దొరలను ఎదిరించే సంఘం తోడుతో ఇంటికి చేర్చుకుంది. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు పడిపోయాడు. 'దొర, కౌలుదారులు' అని పేరు పెట్టి ఎవరైనా ఆటపెట్టె తెస్తే, మా అరుగు మీద ఎవరూ పాచిక ముట్టరు.

విచిత్రమేమంటే అలాంటి ఆట ఒకటి నిజంగానే ఉంది. అమెరికాలో లిజీ మాగీ అనే ఆవిడ భూస్వాముల కిరాయిల అన్యాయాన్ని చూపించడానికి ఒక బల్ల ఆట చేసి 1904లో పేటెంటు తీసుకుంది. మోనోపలీకి అదే తల్లి. మన పిల్లలు 'బిజినెస్' అని ఆడే ఆట దాని మనుమరాలు. రాత్రి ఎనిమిదికే దివాలా తీసి మూలకు కూర్చున్న పిల్లవాడి ముఖం చూస్తే ఆవిడ చెప్పదలచింది బాగానే చెప్పిందనిపిస్తుంది. దోస్తులతో సరదాగా గడపడానికి మాత్రం అది నాకు నచ్చదు.

సముద్రపు దొంగలు కూడా అందరికీ దూరం కాదు. 2010లో సోమాలియా దొంగలు అస్ఫాల్ట్ వెంచర్ అనే ఓడను పట్టుకున్నారు. డబ్బు ముట్టాక కూడా ఏడుగురు భారతీయులను వదల్లేదు. వాళ్లు విడుదలయ్యేసరికి 2014 వచ్చింది. కూర్చున్నవాళ్లలో ఎవరి కొడుకైనా ఓడ మీద పనిచేస్తుంటే ఓడదొంగల పెట్టె లోపలే ఉంచి ఇంకోటి తీయండి.

6. దోచుకోవడం ఇష్టం లేనివాళ్లకూ చోటుండాలి

ప్రతి గుంపులో ఒకరుంటారు, ఆటలోనైనా ఇతరుల సొమ్ము ముట్టడానికి మనసొప్పనివాళ్లు. వాళ్లను వెక్కిరించకండి. వాళ్ల కోసం కార్టజెనా తీయండి. ఇటలీకి చెందిన లియో కొలోవిని చేసిన ఈ ఆట 2000లో వచ్చింది. కోట చెరలోంచి సొరంగం గుండా ఓడదొంగలు తప్పించుకుంటారు. ఒక్కొక్కరికి ఆరుగురు మనుషులు. ఎవరూ ఎవరినీ కొట్టరు. ముందుకు పోవాలంటే కార్డు వాడాలి, కొత్త కార్డు కావాలంటే మీ మనిషినే వెనక్కి తేవాలి. వెనక ఒకరో ఇద్దరో నిలబడ్డ చోటే ఆగాలి, ఒకరుంటే ఒక కార్డు, ఇద్దరుంటే రెండు. పక్కవాళ్లు ఎక్కడ నిలబడ్డారన్నదే మీ ఆస్తి. ఆరుగురినీ ముందుగా పడవ ఎక్కించినవాళ్లు గెలుస్తారు. పదేళ్ల పిల్లా డెబ్బై ఏళ్ల ముసలీ ఒకే బల్ల దగ్గర సరిగ్గా పోటీ పడ్డ ఆట నేను చూసింది ఇదే.

ఈ ఆట మధ్యలోనే మా మనుమరాలు అడిగింది, "తాతా, మన దిక్కు గిట్లాంటి దొంగలు లేకుండెనా?" అని. ఉన్నారమ్మా, కొన్నిసార్లు కిరీటాలు కూడా పెట్టుకున్నారు అన్నాను. తుఫానుకు కొట్టుకొచ్చి తీరానికి తగిలిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం ఆ నేల రాజులు గుంజుకునేవాళ్లు. మన ఓరుగల్లు రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. నియమించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని అందులో మాట ఇచ్చాడు. సముద్రం కనబడని ఊళ్లో కూర్చుని ఏలినవాడు సముద్ర వర్తకుల భయం పోగొట్టాడు. అటుపక్క ఓడదొంగ హెన్రీ మోర్గాన్ సంగతి చూడండి. 1671లో పనామా పట్టణాన్ని దోచాడు, తరువాత ఇంగ్లండు రాజు అతనికి సర్ బిరుదిచ్చి జమైకా మీద డిప్యూటీ గవర్నర్‌ను చేశాడు. మన కొంకణ తీరంలో మరాఠాల నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రేను మాత్రం అదే ఇంగ్లీషువాళ్లు దొంగ అని రాసుకున్నారు. ఆ రోజు ఆట సగంలో ఆగింది. ఎందుకు ఆగిందని ఎవరూ అడగలేదు.

7. నియమాలు ముందురోజే ఒకరు చదివి ఉండాలి

దోస్తులందరూ వచ్చాక పెట్టె విప్పి ఇంగ్లీషు కాగితం చదవడం మొదలుపెడితే, పడుగు పోయకుండానే నాడె విసిరినట్టు ఉంటుంది. ఒకరు ముందే చదవాలి. తెలుగులో, వాళ్ల మాటల్లో చెప్పాలి. గెలుపు ఎట్లాగో మొదట చెప్పి, తరువాత వంతు ఎట్లా తిరుగుతుందో చెప్పాలి. మినహాయింపులు ఆటలో వచ్చినప్పుడు చెప్పొచ్చు. మొదటి చుట్టు ముక్కలు తెరిచే ఆడండి, లెక్కలోకి తీసుకోకండి.

ఇంటి నియమాలు కూడా ముందే తేల్చుకోండి. మూడుసార్లు వరుసగా అష్ట పడితే ఏం చేయాలన్నదాని మీద ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఇల్లు నాకు తెలుసు.

8. చిన్నపిల్లలకు పీపా చాలు

జపాన్‌కు చెందిన టోమీ 1975 నుంచి అమ్ముతున్న బొమ్మ ఒకటుంది. పీపాలో దొంగ, చుట్టూ రంధ్రాలు, తలా ఒక ప్లాస్టిక్ కత్తి గుచ్చాలి, ఎవరి కత్తికి దొంగ ఎగిరి పడతాడో వాడితో ఆట తేలిపోతుంది. నియమాలు ఒక్క మాటలో అయిపోతాయి. పెద్దలు దాన్ని చిన్నచూపు చూడకండి. శివరాత్రి జాగారం నాడు రెండో జాములో అందరికీ నిద్ర తేలగొట్టింది అదే.

9. ఎన్ని కొనాలంటే

దిగుమతి పెట్టెలు వేలల్లో ఉంటాయి, కాబట్టి నలుగురు కలిసి కొనండి, పెట్టె ఊళ్లోనే ఉంచండి. ముక్క పోతే చింతగింజ పెట్టండి, ఆట ఆగదు. ఒక్కటే కొంటామంటే కార్టజెనా. రెండోది కొనగలిగితే, వచ్చేవాళ్లు ఆరుగురైతే జమైకా, ఇంకా ఎక్కువైతే లూట్. మూడోది వద్దు. ఆ డబ్బులు దాచుకోండి, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరికి ప్రైవేటు బండ్లవాళ్లు అడిగే కిరాయి ముందు ఏ ఓడదొంగా నిలవడు.