అగ్నిమాపక దళాధికారి – నాయకత్వ లక్షణములు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14వ తేదీని మన దేశంలో అగ్నిమాపక సేవా దినంగా పాటిస్తారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ప్రేలుడు సామగ్రిని, ప్రత్తి బేళ్ళను మోసుకొనివచ్చిన 'ఫోర్ట్ స్టికీన్' అనే ఓడ అంటుకొని ప్రేలిపోయింది. ఆ మంటలను ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది అసువులు బాసారు. వారి స్మృత్యర్థమే ఈ దినం ఏర్పడింది. మండుతున్న చోటినుండి లోకమంతా బయటకు పరుగెత్తుతుంటే, అధికారి మాటపై లోపలికి నడిచే ఉద్యోగమిది. ఆ మాటకు అంతటి బలం ఎక్కడినుండి వస్తుంది? ఈ ప్రశ్నను విచారించడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఉర్దూ వారితోడి సహవాసం వలన మన తెలుగు వాడుకలో స్థిరపడిన మాటలలో 'హుకుం' ఒకటి, 'భరోసా' మరొకటి. హుకుం జారీచేసే అధికారం ఉద్యోగంతోపాటు వస్తుంది. భరోసా అలా రాదు. దానిని దినదినమూ సంపాదించుకోవాలి. కార్యాలయంలో భరోసా లేని హుకుం కూడా ఎలాగో నడుస్తుంది. నేడు జరిగిన పొరపాటును రేపు దిద్దుకోవచ్చు. అగ్నిముఖంలో రేపు అనేది లేదు. ఈ సత్యాన్ని తేటపరచే సంఘటన ఒకటి అమెరికాలో జరిగింది.

1949 ఆగస్టు 5వ తేదీన మోంటానా రాష్ట్రంలో మిస్సోరీ నది ప్రక్కనున్న 'మాన్ గల్చ్' అనే లోయలో కార్చిచ్చు రేగింది. దానిని ఆర్పడానికి 15 మంది విమానంనుండి పారాచూట్లతో దిగారు. అంతకుముందే అక్కడ ఒంటరిగా మంటతో పోరాడుతున్న అటవీశాఖ ఉద్యోగి ఒకరు వారితో కలిశారు. దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ అనుభవశాలి, మితభాషి. అయితే ఆ దళంలోని యువకులలో పలువురికి ఆయనతో కలిసి పనిచేసిన పరిచయం లేదు. వారి రేడియో నేలకు తగిలి పగిలిపోయింది.

నదివైపు దిగుతుండగా మంట వారి దారికి అడ్డం తిరిగింది. డాడ్జ్ దళాన్ని వెనుకకు, ఎగువకు మళ్ళించాడు. కొంతసేపటికి బరువైన పనిముట్లను పారవేయమన్నాడు. నిట్టనిలువు వాలు, నడుములోతు ఎండుగడ్డి, వెనుకనుండి మనిషికంటె వేగంగా వస్తున్న మంట. అప్పుడు డాడ్జ్ ఎవరూ ఊహించని పని చేశాడు. అగ్గిపుల్ల గీచి తన ముందున్న గడ్డికి తానే నిప్పుపెట్టాడు. ఆ గడ్డి కాలిపోతే వెనుకనుండి వచ్చే మంటకు అక్కడ మేత ఉండదు. ఆ బూడిదలో పడుకొన్నవాడు బ్రతుకుతాడు. ఇది అతని తర్కం. అందరినీ అందులోకి రమ్మని పిలిచాడు. ఒక్కరూ రాలేదు. వారికి నేర్పిన శిక్షణలో ఈ ఉపాయం లేదు; చావు తరుముతుంటే వివరించడానికి వ్యవధి లేదు. నాయకునికి మతి చలించిందని కొందరు భావించి ఉంటే వారిని తప్పుపట్టగలమా?

డాడ్జ్ ఆ బూడిదలో బోర్లా పడుకొని ప్రాణాలతో లేచాడు. ఇద్దరు యువకులు కొండకొమ్మునున్న రాతిసందు గుండా ఆవలికి దాటి బయటపడ్డారు. తక్కిన 13 మంది మరణించారు. బూడిదలో చోటు ఉండనే ఉంది. ఆజ్ఞ సరియైనది, దానిని నమ్మించగల పరిచయమే లేకపోయింది.

దీనికి భిన్నమైన మార్గాన్ని అంతకు నూరేండ్లకు పైబడిన కాలంలోనే జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చూపాడు. ఇతడు 1824లో స్కాట్లండులోని ఎడింబరో నగర అగ్నిమాపక దళానికి అధిపతి అయ్యాడు. తాపీపనివారిని, వడ్రంగులను, ఇంటికప్పులు వేసేవారిని ఏరి దళంలో చేర్చుకొన్నాడు. ఏ గోడ నిలుస్తుందో, ఏ దూలం కూలుతుందో వారికి చేతిపనిలోనే తెలుసు. వారిచేత క్రమం తప్పక సాధన చేయించాడు. అదే సంవత్సరం నగరంలో మహాగ్నిప్రమాదం సంభవించినపుడు నగరాధికారులు తలకొక ఆజ్ఞ ఇచ్చి గందరగోళం సృష్టించారు. ఆ అనుభవం తరువాత, అగ్నిప్రమాద స్థలంలో దళాధిపతిదే తుదిమాట అన్న నియమం స్థిరపడింది. 1833లో లండను దళానికి అధిపతిగా వెళ్ళిన బ్రెయిడ్‌వుడ్, 1861 జూన్ 22వ తేదీన టూలీ వీధిలోని గిడ్డంగులు తగలబడినపుడు తన మనుషుల నడుమనే ఉండి, గోడ కూలి మరణించాడు.

ఈ రెండు చరిత్రలనుండి మనం గ్రహించవలసినవి మూడు విషయాలు. మొదటిది: ఆపద వేళ ఆజ్ఞ ఒక్కరి నోటినుండే వెలువడాలి. రెండవది: ఆ ఆజ్ఞ స్పష్టంగా ఉండాలి, విన్నవారికి అర్థమైనదో లేదో చూసుకోవాలి. 1957లో అమెరికా అటవీశాఖ ఏర్పరచిన పది ప్రామాణిక నియమాలలో ఇది ఒకటి. తప్పించుకొనే దారి అందరికీ ముందే తెలిసి ఉండాలన్నది ఆ నియమాలలోనే మరొకటి. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: అధికారి తన మనుషులతో కలిసి సాధన చేయాలి, కలిసి భుజించాలి, తన ఆలోచనా సరళిని తీరిక వేళల్లోనే వారికి విప్పిచెప్పాలి. అలా కూడబెట్టిన విశ్వాసమే వివరించడానికి వ్యవధి లేని క్షణంలో అక్కరకు వస్తుంది. నూతి త్రవ్వకం ఇల్లు అంటుకొన్నాక ఆరంభించేది కాదని మన పెద్దలు ఊరకే అనలేదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మనలో అందరమూ అగ్నిమాపక దళంలో చేరబోము. కాని ఆటల జట్టుకో, విద్యార్థి సంఘానికో, రేపు ఒక కార్యాలయానికో నాయకత్వం వహించే బాధ్యత మనలో పలువురికి రాక తప్పదు. పదవి దక్కిన నాడు హుకుం మన చేతికి వస్తుంది. భరోసాను మాత్రం ఈనాటినుండే, తోటివారి నడుమ, చిన్న చిన్న పనులలో సంపాదించుకోవాలి. మాన్ గల్చ్ లోయలో మరణించిన ఆ 13 మంది మనకు చెప్పే పాఠం ఇదే.