సీసాకు తగిన సిరంజి

మన సంఘములలో నర్సులుగా పనిచేయుచున్న వారికొరకు ముఖ్యముగా ఈ పాఠము వ్రాయుచున్నాము.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో తెలుగు మాట్లాడు రోగిని "ఇన్సులిన్ ఎంత వేసుకుంటావు పెద్దమ్మా?" అని అడిగితే, "ఇరవై గీతలు" అనవచ్చును. ఆ మాట చాలదు. ఏ సీసా, ఏ సిరంజి అని కూడా అడుగవలెను.

మన దేశములో ఇన్సులిన్ సీసాలు రెండు బలములలో దొరుకును: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజమూత సిరంజి. 100 బలము మందును ఎర్రమూత సిరంజిలో 20వ గీత వరకు తీసినచో అర మిల్లీలీటరు వచ్చును. అనగా 50 యూనిట్లు! రెండున్నర రెట్లు. చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును. తారుమారైనచో 8 యూనిట్లే లోపలికి పోవును. చక్కెర తగ్గలేదని వైద్యుడు మోతాదు పెంచును, చిక్కు ఇంకా ముదురును. మూతలు మారిపోవును గనుక సిరంజిపైనున్న అంకెనే చదువవలెను. పెన్నులోని మందును సిరంజితో తీయనేరాదు.

చీటీలో "యూనిట్లు" అని పూర్తిగా వ్రాయవలెను. ఒక్క ఇంగ్లీషు 'యు' అక్షరము వ్రాసినచో అది సున్నవలె కనబడి 10 కాస్తా 100 అగును. మోతాదును మరియొక నర్సు వేరుగా సరిచూడవలెను.

ఇంటికి పంపునప్పుడు రోగిచేతనే, తన సీసాతో, తన సిరంజితో, ఒకసారి మందు తీయించి చూడుడి. "అర్థమైందా?" అంటే "అయింది" అనుట మనవారి అలవాటు.