స్కానర్, స్క్రీన్ రీడర్: అంధుల పఠనంలో సాంకేతికత, చట్టాలు

నేపథ్యం

కోల్‌కతా అలీపూర్‌లోని బెల్వెడేర్ ఆవరణలో జాతీయ గ్రంథాలయం ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురితమయ్యే పుస్తకాల ప్రతులు ఇక్కడికి చేరాలి. తెలుగుకు ప్రత్యేక విభాగం కూడా ఉంది. అయితే గ్రంథాలయానికి చేరిన పుస్తకం అంధ పాఠకుడికి చేరినట్లు కాదు. అచ్చును శబ్దంగానో, బ్రెయిలీగానో మార్చే మార్గం కావాలి.

ఈ కృషిలో కోల్‌కతాది పాత స్థానమే. లాల్ బిహారీ షా 1897లో ఇక్కడ అంధుల పాఠశాల స్థాపించారు. అది ప్రస్తుతం బెహాలాలో ఉంది. నగరంలోని భారతీయ గణాంక సంస్థకు చెందిన బి.బి. చౌధురి, యు. పాల్ అచ్చు బాంగ్లా అక్షరాలను గుర్తించే సంపూర్ణ వ్యవస్థపై 1998లో పరిశోధన పత్రం వెలువరించారు.

కీలక పదాలు

స్కానర్: కాగితంపై ఉన్న దాన్ని బొమ్మగా మార్చే పరికరం. ఫ్లాట్‌బెడ్, షీట్‌ఫెడ్, ఫోన్ కెమెరా అనేవి వాడుకలోని మూడు రకాలు.

ఓసీఆర్: ఆ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠ్యంగా మార్చే ప్రక్రియ.

స్క్రీన్ రీడర్: తెరపై ఉన్న పాఠ్యాన్ని కృత్రిమ స్వరంతో చదివే, లేదా బ్రెయిలీ డిస్‌ప్లేకు పంపే సాఫ్ట్‌వేర్.

పోటీ పరీక్షల అభ్యర్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. స్కానర్ చదవదు, స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు. ఈ రెంటినీ కలిపేది ఓసీఆర్ ఒక్కటే. అందుకే ఓసీఆర్ చేయని స్కాన్ పీడీఎఫ్ తెరిస్తే, వంద పేజీల ఫైలైనా స్క్రీన్ రీడర్‌కు ఖాళీ పత్రమే.

పరిణామ క్రమం

1913లో ఫోర్నియర్ డి ఆల్బ్ రూపొందించిన ఆప్టోఫోన్ అక్షరాల ఆకారాలను సంగీత స్వరాలుగా వినిపించేది. 1976 జనవరిలో రే కర్జ్‌వెయిల్ ఆవిష్కరించిన పఠన యంత్రం అచ్చును నేరుగా మాటలుగా చదివింది. ఫ్లాట్‌బెడ్ స్కానర్, ఏ ఫాంటునైనా గుర్తించే ఓసీఆర్, వాక్ సంశ్లేషణ ఒకే యంత్రంలో కలవడం దాని ప్రత్యేకత. టెడ్ హెంటర్ సంస్థ 1989లో జాస్ స్క్రీన్ రీడర్‌ను తెచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైఖేల్ కరన్ 2006లో ఎన్‌వీడీఏను ప్రారంభించాడు. ఇది ఉచితం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని మన దేశపు విద్యార్థులకు ఇది పెద్ద మేలు. 2017.3 వెర్షన్ నుంచి ఇందులో విండోస్ 10 ఓసీఆర్‌ను వాడే సౌకర్యం కూడా ఉంది.

పనిచేసే విధానం

అంధ వినియోగదారు ముందుగా ఫ్లాట్‌బెడ్ అద్దం అంచును వేళ్లతో తడిమి, పేజీని ఒక మూలకు ఆనించి అమర్చుతారు. కుట్టిన పుస్తకమైతే నడుమ దగ్గర పేజీ వంగి అక్షరాలు సాగిపోతాయి. అందుకే మూత మీద అరచేతితో అదిమి ఉంచాలి. సాధారణ అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య), చిన్న అక్షరాలకు 400 డీపీఐ అనుకూలం. 300 డీపీఐ వద్ద ఒక ఏ4 పేజీ సుమారు 2480×3508 పిక్సెళ్ల బొమ్మ అవుతుంది.

పేజీ తలకిందులైందో లేదో కంటితో తెలిసే వీలు లేదు. మంచి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ దిశను తానే సరిచేస్తుంది. లేనిపక్షంలో స్వరం అర్థంలేని అక్షరాలు పలకడమే తొలి సూచన. మరో చిక్కు స్కానర్ తయారీదారుల సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. మీటలకు పేరు రాయకుండా బొమ్మలు మాత్రమే పెడితే స్క్రీన్ రీడర్ ప్రతిదాన్నీ "బటన్", "బటన్" అని మాత్రమే చదువుతుంది. అందువల్ల కీబోర్డుతో పూర్తిగా నడిచే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి.

తెలుగు పాఠ్యంలో ప్రత్యేక సమస్యలు

అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపుపై రాజశేఖరన్, దీక్షితులు పరిశోధన 1977లోనే వెలువడింది. 2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి బృందం తెలుగు ఓసీఆర్ వ్యవస్థను వివరించింది. ఉచిత ఓసీఆర్ ఇంజన్ టెసరాక్ట్ సైతం తెలుగును గుర్తిస్తుంది.

అయినా తప్పులు తప్పవు. గుణింతాలు, వత్తులు కలిసి వేల ఆకారాలు ఏర్పడతాయి. డ–ఢ, ద–ధ, ప–ఫ జంటల్లో తేడా కింది చిన్న గీత మాత్రమే. అచ్చు కాస్త వెలిసినా ఆ గీత మాయమవుతుంది. మాటలో తప్పు దొర్లితే సందర్భాన్ని బట్టి పట్టుకోవచ్చు. అంకెలో దొర్లితే పట్టుకోలేరు. వెలిసిన 8 కాస్తా 3గా మారితే స్వరం అదే ధీమాతో చదువుతుంది, అభ్యర్థి దాన్నే కంఠస్థం చేస్తారు. సంవత్సరాలు, అధికరణల సంఖ్యలు ఉన్న పేజీలను మరో ఆధారంతో సరిచూసుకోవడం తప్పనిసరి.

ఇంకొకటి మన తెలుగువారికి బాగా తెలిసిన చిక్కు. యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 స్థానాల ఖండం ఉంది. అయితే యూనికోడ్ కాని అను ఫాంట్లతో తయారైన మెటీరియల్ పీడీఎఫ్ తెరపై చక్కని తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి రోమన్ అక్షరాలు, గుర్తుల సంకేతాలు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది, ఒక్క తెలుగు మాట వినిపించదు. అలాంటి ఫైలును బొమ్మగా మార్చి ఓసీఆర్ చేయడం ఒక ఉపాయం. కంప్యూటర్‌లోనే పుట్టిన పాఠ్యాన్ని మళ్లీ స్కాన్ చేసినంత పని చేయాల్సి రావడం అన్యాయం.

చట్టపరమైన రక్షణ

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం, సాధ్యమైనంత సవరణ తర్వాత కూడా మెరుగైన కంటిలో దృష్టి 3/60 కన్నా తక్కువ ఉన్నా, దృష్టి క్షేత్రం 10 డిగ్రీల లోపు ఉన్నా అంధత్వమే. సంపూర్ణ దృష్టి లేమి సరేసరి. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 వైకల్యాలను గుర్తించింది. సెక్షన్ 42 సమాచార, సాంకేతిక ప్రాప్యతకు సంబంధించినది.

స్కాన్ చేయడం కాపీరైట్ ఉల్లంఘనా అనే సందేహానికి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ సమాధానమిచ్చింది. సెక్షన్ 52(1)(జెడ్‌బీ) ప్రకారం వికలాంగుల వ్యక్తిగత పఠనం, విద్య, పరిశోధనల కోసం పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చడం ఉల్లంఘన కాదు. ఇదే ఉద్దేశంతో 2013 జూన్ 27న మర్రకేష్ ఒప్పందం కుదిరింది. దాన్ని ఆమోదించిన తొలి దేశం భారత్ (2014 జూన్). ఒప్పందం 2016 సెప్టెంబర్ 30న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది.

మెటీరియల్ తయారుచేసే అధ్యాపకులకు, ప్రచురణకర్తలకు ఒక విజ్ఞప్తి: అంధ అభ్యర్థి అడిగినప్పుడు అచ్చు ప్రతితో సరిపెట్టకుండా యూనికోడ్ ఫైలు ఇవ్వండి. చట్టం అందుకు అడ్డు చెప్పదు.