యొర్దాను ఒడ్డున ఒక బలిపీఠం

వాక్యభాగం: యెహోషువ 22:10-34



మా గృహకూడికలో మేము ఏడు కుటుంబాలం. అమెరికాకు వచ్చాక ఒకరి ప్రసవానికి ఒకరం పథ్యం వండిపెట్టాం. వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లి ఇరుక్కుపోయినవారి కోసం ఉపవాసముండి ప్రార్థించాం. అలాంటిది, మూడేళ్ల క్రితం మాలో ఒక కుటుంబం శుక్రవారం కూడికకు రావడం మానేసింది. అదే సమయంలో వాళ్లింట్లో శనివారం వేరే ప్రార్థన జరుగుతోందని తెలిసింది. “వేరే సంఘం పెట్టుకుంటున్నారట” అనే మాట మొదలైంది. వాళ్లు లేని వాట్సాప్ గ్రూపు ఒకటి తయారైంది. దాన్ని తయారుచేసింది నేనే. వారి కోసం ప్రార్థించడానికని చెప్పాను గాని, అందులో ప్రార్థన కంటే అనుమానమే ఎక్కువ నడిచింది.

ఆ రోజుల్లోనే నా అనుదిన పఠనంలో యెహోషువ 22వ అధ్యాయం వచ్చింది.

వాక్యంలో జరిగిన సంగతి

మనష్షే అర్ధగోత్రపువారితో పాటు యొర్దానుకు తూర్పున స్వాస్థ్యం పొందిన రూబేనీయులు, గాదీయులు ఆ స్వాస్థ్యాన్ని తామే కోరుకున్నారు. అడిగిన రోజే మోషే వారిని అనుమానించాడు. సహోదరులు యుద్ధానికి వెళ్తుంటే మీరిక్కడ కూర్చుంటారా అని గద్దించాడు (సంఖ్యాకాండము 32). మేమూ వస్తామని వాళ్లు మాటిచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. భార్యాపిల్లలను తూర్పున విడిచిపెట్టి ఇంచుమించు 40,000 మంది యుద్ధసన్నద్ధులై నది దాటారు (యెహోషువ 4:12-13). యుద్ధాలు ముగిశాక యెహోషువ వారిని దీవించి పంపాడు. ఇంటికి వెళ్తూ వాళ్లు నది దగ్గర ఒక పెద్ద బలిపీఠం కట్టారు. ఆ వార్త విని మిగతా ఇశ్రాయేలీయులు వారిమీద యుద్ధం చేయడానికి షిలోహులో కూడుకున్నారు.

వారి భయానికి కారణం లేకపోలేదు. బలులు అర్పించే స్థలం దేవుడు ఏర్పరచుకున్న ఒక్కటే అని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీయోపదేశకాండము 12). పెయోరు విషయంలో 24,000 మంది చనిపోవడం, ఆకాను ఒక్కడి పాపం వల్ల హాయి దగ్గర ఇంచుమించు 36 మంది పడిపోవడం వాళ్లు మరచిపోలేదు. పైగా బలిపీఠం నిజంగానే ఉంది. వాళ్లు దానికి చెప్పుకున్న అర్థమే తప్పు. మన కూడికల్లో కూడా చాలాసార్లు జరిగేది ఇదే. మనం చూసింది నిజమే కావచ్చు, దాని వెనుక ఉద్దేశం మాత్రం మనం ఊహించుకున్నది.

మనం నేర్చుకోవలసిన నాలుగు సంగతులు

1. సైన్యం కంటే ముందు మనుషులు వెళ్లారు. యాజకుడైన ఎలియాజరు కుమారుడు ఫీనెహాసునూ, గోత్రానికి ఒకరు చొప్పున పదిమంది ప్రధానులనూ పంపారు. ఈ ఫీనెహాసు పెయోరు దగ్గర ఈటె పట్టుకుని లేచినవాడు (సంఖ్యాకాండము 25). అంత రోషం గలవాడు ఇక్కడ ఎదుటివారి మాట చివరిదాకా విన్నాడు. నిజానికి వాళ్లు మెత్తగా అడగలేదు, ద్రోహం చేశారనే మొదలుపెట్టారు. అయినా ఆ మాట వారి ముఖం ఎదుటే అన్నారు. జవాబు చెప్పే అవకాశం ఇచ్చారు.

2. తమ భూమిలో భాగమివ్వడానికి సిద్ధపడ్డారు. మీ దేశం అపవిత్రమని మీకు తోస్తే ఇవతలికి వచ్చి మా మధ్య స్వాస్థ్యం తీసుకోండి అన్నారు (22:19). సహోదరుని సరిదిద్దాలని వెళ్లేవాడు అతని కోసం ఏదైనా వదులుకోవడానికి కూడా సిద్ధపడి వెళ్లాలి.

3. నిందపడినవారు అలగలేదు. ఇన్నాళ్లు మీ పక్కన పోరాడితే మాకు దక్కింది ఇదా అని వాళ్లు తిరగబడవచ్చు. కానీ తమ మనసులోని భయాన్ని విప్పి చెప్పారు. నది అవతల ఉన్న మీకు యెహోవాలో పాలు లేదని రేపు మీ పిల్లలు మా పిల్లలతో అంటారేమోనని భయపడ్డాం, అందుకే బలుల కోసం కాదు, సాక్ష్యం కోసం దీన్ని కట్టాం అన్నారు (22:24-28). సముద్రాలు దాటి వచ్చి పిల్లల్ని పెంచుతున్న మనకు ఈ భయం బాగా తెలుసు.

4. నిజం తెలిశాక ఆ సంగతిని అంతటితో ముగించారు. ఫీనెహాసు బృందం తిరిగివెళ్లి జరిగింది ప్రజలకు చెప్పింది. ప్రజలు దేవుణ్ణి స్తుతించారు, యుద్ధం మాట మానేశారు (22:32-33). పుకారు ఎంతమందికి చేరిందో నిజం కూడా అంతమందికి చేరింది. ఆ బలిపీఠానికి ‘ఏద’, అంటే సాక్షి, అని పేరు పెట్టారు.

మా కూడికలో ఏం జరిగింది?

ఒక శుక్రవారం మాలో పెద్దవారైన అంకుల్ గారు, “వాళ్లని ఎవరైనా అడిగారా?” అన్నారు. మాలో ఎవరమూ అడగలేదు. ఆ ఆదివారం సాయంత్రం ఆయన, నేను, నా భార్య వాళ్లింటికి వెళ్లాం.

శనివారం జరుగుతున్నది పిల్లలకు ఇంగ్లీషులో బైబిల్ పఠనం. మా కూడికలో పిల్లల్ని బేస్‌మెంట్‌లో ఐప్యాడ్‌తో కూర్చోబెట్టి, పైన మేము తెలుగులో ప్రార్థించుకునేవాళ్లం. అక్కడ నాకేం పని అని వాళ్ల పెద్దమ్మాయి అడిగిందట. శుక్రవారం రాకపోవడానికి కారణం వేరు. ఆ అన్న ఉద్యోగం ప్రమాదంలో పడింది. దాన్ని నిలబెట్టుకోవడానికి రాత్రి షిఫ్టు ఒప్పుకున్నాడు.

“ఒక్క మాట చెప్తే ప్రార్థించేవాళ్లం కదా అన్నా” అన్నాను.

“పోయినసారి ఒక తమ్ముడి ఉద్యోగం సంగతి ఇలాగే ప్రార్థనాంశంగా చెప్పాడు. వారం తిరక్కుండా ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. అందుకే చెప్పలేదు. శనివారం సంగతైనా ముందే చెప్పాల్సింది, అది నా తప్పే” అన్నాడు.

అప్పుడు నేను వాట్సాప్ గ్రూపు సంగతి ఒప్పుకుని క్షమించమని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అంకుల్ గారు ప్రార్థన చేసి లేచారు. ఇంటికి వెళ్లి, మేము అనుకున్నది తప్పని అదే గ్రూపులో రాసి, అందరూ చదివాక దాన్ని తీసేశాను. అయినా వాళ్లు మళ్లీ కూడికకు రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు పిల్లల బైబిల్ పఠనం శుక్రవారమే జరుగుతోంది. దాన్ని నడిపించేది ఆ కుటుంబమే.

మేము పెట్టుకున్న పద్ధతులు

- ఒకరు చెప్పిన ప్రార్థనాంశం వారి అనుమతి లేకుండా ఆ గది దాటకూడదు. కొండెములు మోయడం, సంగతి దాచడం ఈ రెంటికీ ఉన్న తేడాను సామెతలు 11:13 చెబుతుంది.
- ఎవరిపైనైనా సందేహం వస్తే మూడోవారికి చెప్పకముందే వారినే అడగాలి (మత్తయి 18:15). మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయాలి, వీలైతే ఇంటికి వెళ్లాలి.
- కొత్తగా ఏదైనా మొదలుపెట్టేవారు కూడికలో ముందే చెప్పాలి.

అయితే ఒక జాగ్రత్త. ఎవరైనా ఇంట్లో దెబ్బలు తింటున్నా, పిల్లలకు హాని జరుగుతున్నా అది గుట్టుగా దాచే విషయం కాదు. వెంటనే తగిన సహాయం పిలవాలి.

ఎఫెసీయులకు 4:3 ప్రకారం ఐక్యత మనం తయారుచేసేది కాదు. ఆత్మ అనుగ్రహించిన దాన్ని మనం కాపాడుకోవాలి. అలా కాపాడుకోవడం చాలాసార్లు “అన్నా, విషయం ఏంటి?” అని ఒక్క మాట అడగడంతోనే మొదలవుతుంది.

కూడికలో చర్చించడానికి

1. ఈ మధ్య నేను ఎవరి ఉద్దేశాన్ని అడగకుండానే ఊహించుకున్నాను?
2. మన కూడికలో ప్రార్థనాంశం చెప్పడానికి ఎవరైనా భయపడుతున్నారా? ఎందుకు?
3. మన పిల్లలకు మన మధ్య ఏ చోటు ఇచ్చాం?

ప్రార్థన: తండ్రీ, సహోదరుని గురించి మాట్లాడేముందు సహోదరునితో మాట్లాడే ధైర్యం మాకు దయచేయుము. మమ్మును నమ్మి చెప్పిన మాటను కాపాడే నోరు, తప్పు ఒప్పుకునే మనసు మాకు అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.