జుట్టు ఎందుకు రాలింది?

తృతీయ బి.ఎస్సీ. విద్యార్థిని

"జుట్టు రాలడం మీద సావనీరులో వ్యాసమా?" అని నవ్వే మిత్రులు తప్పక ఉంటారు. నవ్వినా ఫరవాలేదు. బట్టతల మీద మనవాళ్ళు వేసుకున్నన్ని హాస్యాలు ఇంక దేని మీదా వేసుకుని ఉండరు. కాని కారణం తెలియకుండా జుట్టు పోతున్న మనిషికి అది హాస్యం కాదు. జ్వరం వస్తే థర్మామీటరు పెట్టి చూసుకుంటాం. దువ్వెనకు చుట్టుకుని వచ్చిన ఉండను దేనితో కొలుస్తాం? పదిమందిని అడిగితే పది కారణాలు చెబుతారు. నీళ్ళంటారు, షాంపూ అంటారు, వేడి చేసిందంటారు, దిగులంటారు, దిష్టి అంటారు. వీటిలో ఏది నిజమో తేల్చడానికి మనం క్లాసులో నేర్చుకున్న సైన్సు ఏమైనా పనికొస్తుందా అన్నదే ఇక్కడ విషయం. చెప్పబోయేవి రెండు వెతుకులాటలు. ఒకటి నా తలకు సంబంధించిన చిన్నది. రెండోది మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో కొన్ని ఊళ్ళవాళ్ళు పడిన పెద్దది.

ముందు కాస్త పాఠం. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పెరిగే దశ రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా నడుస్తుంది. దీన్ని అనాజెన్ అంటారు. తర్వాత రెండు మూడు వారాలు మార్పు దశ. ఆ పైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. దీనికి టీలోజెన్ అని పేరు. విశ్రాంతి అయ్యాక పాత వెంట్రుక ఊడిపోయి, అదే కుదురులో కొత్తది పైకి వస్తుంది. ఈ లెక్కన రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం రోగం కాదు, మామూలే.

మా ఇంట్లో అందరం వ్యవసాయం వాళ్ళం గనుక నాకు ఇది చేను భాషలోనే బాగా అర్థమైంది. వరి చేనుకు ఒకేసారి నాటు, ఒకేసారి కోత. తల అలా కాదు. పెరట్లో కూరగాయల మడి వంటిది. ఒక మొక్క మొలక మీద ఉంటే ఒకటి పూత మీద, ఇంకోటి కాపు ఉడిగి ఎండుతూ ఉంటుంది. ఏ రోజు చూసినా నూటికి 85, 90 వెంట్రుకలు పెరుగుతూనే ఉంటాయి. అందుకే మడి బోసిపోయినట్టు కనిపించదు. అయితే పెద్ద జ్వరమో, కాన్పో, ఆపరేషనో, తిండి బాగా తగ్గిపోవడమో జరిగిందనుకోండి. బెట్ట తగిలిన శనగ చేను ముందే పండబారినట్టు, ఇంకా పెరగవలసిన వెంట్రుకలు చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. వెళ్ళిన వెంటనే రాలవు. అదే ఇందులో తిరకాసు. విశ్రాంతి గడువు తీరాక, అంటే రెండు మూడు నెలలకు, అన్నీ కలిసి రాలడం మొదలుపెడతాయి. రాలేది ఈవేళ, దెబ్బ తగిలింది ఎప్పుడో!

నాకు రెండో సంవత్సరం ఆగస్టులో టైఫాయిడ్ వచ్చింది. ఇంటి దగ్గర పడి ఉండి, తగ్గాక హాస్టలుకు వచ్చేశాను. నవంబరులో జుట్టు రాలడం మొదలైంది. స్నానాల గది జాలీకి అడ్డం పడేటంత! హాస్టల్లో అందరూ బోరు నీళ్ళన్నారు. మా రూమ్మేటు పరీక్షల దిగులంది. నాన్న తోటకు మందు కొట్టిన రోజు నేను మిరప చేలోకి వెళ్ళానేమో అని మా బాబాయి అనుమానం. అమ్మ గుంటగలగరాకు నూనె కాచి బస్సులో పంపింది. ఫోనులో మాత్రం ఒకటే మాట: "ఎవరికీ చెప్పకే." సంబంధాలు చూసే వయసు పిల్లకి జడ సగమైందంటే ఊళ్ళో ఏమనుకుంటారో అని ఆవిడ భయం. సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మమ్మ పెట్టె తీసి తన సవరం నా చేతిలో పెట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళ్తే, తల చూడకముందే ఆరు నెలల కోర్సు అని రేటు చెప్పారు. ఆ డబ్బుతో మిరపకు ఇంకొక విడత మందు కొట్టవచ్చు. లేచి వచ్చేశాం.

ఆ తర్వాత గవర్నమెంటు ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ఒక డాక్టరమ్మ చూశారు. ఆవిడ చేసినవి మూడే పనులు. తలలో నాలుగు చోట్ల గుప్పెడేసి వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగారు. వచ్చినవాటి మొదళ్ళు దీపం దగ్గర చూశారు. మొదట్లో చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది విశ్రాంతి ముగించుకుని ఊడిన వెంట్రుక. మొదలు సన్నబడి తెగినట్టుంటే పెరిగే వెంట్రుకకే దెబ్బ తగిలిందని అర్థం. నావన్నీ బుడిపెలవే. మూడోది ఒక ప్రశ్న: "మూడు నెలల కిందట ఏమైంది?" ఇంతమంది ఇన్ని చెప్పారు గాని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ నిన్నటి సంగతే అడిగారు. నిన్న ఏం పూశావు, నిన్న ఏం తిన్నావు అని. రక్తహీనత, థైరాయిడ్ ఉన్నాయేమోనని పరీక్ష రాసి, కాస్త రక్తం తక్కువగా ఉంటే ఇనుము మాత్రలిచ్చి పంపించారు. నూనె మానమనలేదు, రాయమనలేదు. అమ్మకు అదొక్కటే నచ్చలేదు.

ఇక్కడ పేనుకొరుకుడు సంగతి కూడా చెప్పాలి. రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు ఊడిపోతే మన ఊళ్ళలో పేను కొరికిందంటారు. పాపం, పేనుకు ఆ పని చేతకాదు. మన శరీరంలోని రక్షణ కణాలే పొరబడి వెంట్రుక కుదుళ్ళ మీద పడడం వల్ల వచ్చేది అది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. బడిలో ఆ పిల్లను వేరే బెంచీ మీద కూర్చోబెట్టడం అన్యాయం. దానికి గురివింద గింజ అరగదీసి రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు. గురివింద గింజలో ఉన్నది గట్టి విషం. జోలికి పోకండి.

ఇక బుల్ఢాణా. 2024 డిసెంబరు చివర, 2025 జనవరిలో ఆ జిల్లా షేగాఁవ్ తాలూకాలో ఒక వింత జరిగింది. తల దురద, కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతులు. ఆ వెంటనే మూడు నాలుగు రోజుల్లో జుట్టు పిడికిళ్ళతో ఊడి రావడం. మొత్తం 18 ఊళ్ళలో 279 మంది. వీళ్ళలో కాలేజీ పిల్లలు, ఆడపిల్లలు చాలామంది. కొందరు ఊడేదేదో ఊడకముందే అని గుండు చేయించుకున్నారు. మన దగ్గర గుండు చూస్తే "తిరుపతి వెళ్ళొచ్చారా?" అంటారు. అక్కడ జనం దూరం జరిగారు.

మొదట అందరూ నీళ్ళనే అనుమానించారు. ఊరి నీళ్ళు పరీక్ష చేస్తే నైట్రేటు, కరిగిన లవణాలు ఎక్కువే కనిపించాయి. ఈ అనుమానం నాకు కొత్తగా అనిపించలేదు. మాది దర్శి ప్రాంతం. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి వైపు ఊళ్ళలో జనం పళ్ళు గారపట్టి, నడుములు బిగుసుకుపోవడానికి బావి నీళ్ళలోని ఫ్లోరైడు కారణమని వెల్లడించారు. మా తాత పళ్ళు నేను చూశాను. అందుకే మా ఊళ్ళో ఏ జబ్బొచ్చినా ముందు నీళ్ళనే తిడతారు. కాని ఇక్కడ ఒక చిక్కుంది. షేగాఁవ్ వైపు భూములు తరతరాలుగా చౌడు పట్టీ, నీళ్ళు ఎప్పుడూ ఉప్పగానే ఉంటాయి. ఎప్పటినుంచో ఉన్న నీళ్ళు ఆ ఒక్క నెలలోనే ఎందుకు తలలు బోడి చేస్తాయి? కొత్తగా వచ్చిన రోగానికి కొత్తగా మారిన వస్తువును వెతకాలి గదా. నా బోరు నీళ్ళ కథా ఇదే. ఆ నీళ్ళు హాస్టలంతా పోసుకుంటోంది, జుట్టు మాత్రం నాకే ఊడింది.

వేగం కూడా ఒక సాక్ష్యమే. నా జుట్టు మూడు నెలలు ఆగి రాలింది. మూడు రోజుల్లో ఊడిందంటే పెరిగే కుదురుకే నేరుగా దెబ్బ తగిలిందేమో అని అనుమానించాలి. క్యాన్సరు మందుల్లో అలా జరుగుతుంది. థాలియం వంటి విషాల్లోనూ జరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు వచ్చి రక్తం, నీళ్ళ నమూనాలు తీసుకెళ్ళారు. మరొక పక్క డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ తనంతట తాను వెళ్ళి వెతికారు. తేలు కాటుకు ప్రాజోసిన్ అనే మందు వాడి ఎన్నో పల్లె ప్రాణాలు కాపాడిన డాక్టరు ఆయనే. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నీళ్ళ దగ్గర ఆగకుండా వంటింట్లోకి వెళ్ళారు. చౌకధరల దుకాణంలో ఇచ్చిన గోధుమలు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. కిలోకు 14.52 మిల్లీగ్రాముల సెలీనియం ఉన్నట్టు తేలింది. మామూలు గోధుమల్లో ఇది ఒక మిల్లీగ్రాముకు లోపే ఉంటుంది. కడిగి పరీక్ష చేస్తే 13.61. అంటే అది పైన అంటిన మందు కాదు, దుమ్మూ కాదు. గింజలోనే ఉంది.

మనిషికి సెలీనియం అసలు అక్కర్లేదా అంటే, కావాలి. రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు. పెద్దవాళ్ళకు 400 దాటకూడదని ఒక హద్దు పెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి. రోజుకు 300 గ్రాముల పిండి రొట్టెలు తిన్న మనిషికి ఈ గోధుమల నుంచి 4,356 మైక్రోగ్రాములు పోతుంది. హద్దుకు పదకొండింతలు దాదాపు! పదో తరగతి పిల్లాడు చెయ్యగల గుణకారమే. కాని దానికి ముందు గుప్పెడు గోధుమలు ఎవరో ఒకరు లాబొరేటరీకి పట్టుకెళ్ళాలి.

గింజలోకి ఎలా వచ్చింది? ఆవర్తన పట్టికలో గంధకానికి సరిగ్గా కింద గడిలో ఉండేది సెలీనియం. 1817లో స్వీడన్ దేశపు బెర్జీలియస్ కనుక్కున్నాడు. ఈ రెంటికీ ఎంత పోలికంటే, మొక్క వేరు గంధకాన్ని పీల్చే దారిలోనే సెలీనియాన్నీ లోపలికి రానిస్తుంది. గంధకం ఉండవలసిన అమైనో ఆమ్లంలో అది కూచుంటుంది. మన వెంట్రుక, గోరు కెరాటిన్‌తో తయారవుతాయి. ఆ కెరాటిన్‌ను గట్టిగా పట్టి ఉంచేవి గంధకపు ముడులే. అందుకే సెలీనియం మితి మీరితే ముందు చెడేవి వెంట్రుకలు, గోళ్ళు. ఆ ఊళ్ళలో 2025 ఏప్రిల్‌లో కొందరికి గోళ్ళు కూడా ఊడినట్టు వార్తలొచ్చాయి.

గోధుమలు పంజాబ్ నుంచి వచ్చినవని బావస్కర్ చెప్పారు. దీని మీద వాదప్రతివాదాలు నడిచాయి. ఆ వాదం నేను తీర్చలేను. కాని అక్కడ హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల్లో శివాలిక్ కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టిలో కొన్ని చోట్ల సెలీనియం ఎక్కువని చాలా కాలంగా తెలుసు. అలాంటి మేత తిన్న పశువులకు తోక వెంట్రుకలు రాలి, గిట్టలు ఊడతాయి. పశువుల వైద్యుడికి ముందే తెలిసిన సంగతి మనుషుల వైద్యుడికి తట్టడానికి ఇంత ఆలస్యమా అని నాకనిపించింది.

ఇదే మొదటిసారీ కాదు. చైనాలో హూబె రాష్ట్రం ఎన్షీ ప్రాంతంలో 1961 నుంచి 1964 దాకా ఊళ్ళ జనానికి జుట్టు, గోళ్ళు ఊడిపోయాయి. అక్కడి బొగ్గు రాయిలోని సెలీనియం మట్టిలోకి దిగింది. అది ఎప్పుడూ అక్కడే ఉంది. కాని వానలు లేక వరి పోయి, జనం తమ చేలో పండిన జొన్నపొత్తులు, ఆకుకూరలే తిని బతకవలసి వచ్చిన ఏడాదే అది తల మీద కనిపించింది. మారింది నేల కాదు, కంచం. 2008లో అమెరికాలో ఒక పోషక ద్రావకంలో సెలీనియం పొరబాటున సుమారు రెండు వందల రెట్లు పడి 201 మంది జబ్బుపడ్డారు, చాలామందికి జుట్టు పోయింది. జుట్టు కోసమని మన హాస్టళ్ళలో మింగే రంగు రంగుల మాత్రల్లోనూ సెలీనియం ఉంటుంది. సీసా వెనక చదవండి. రెండు మూడు రకాలు కలిపి మింగే స్నేహితురాళ్ళు నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

నా సంగతి అడుగుతారేమో. మార్చికల్లా రాలడం తగ్గింది. ఇప్పుడు నుదుటి పైన నారుమడిలా పొట్టి వెంట్రుకలు నిక్కి ఉన్నాయి, ఏ నూనెకూ అణగవు. సవరం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. రేపు ఎవరి ఊళ్ళోనైనా వారం తిరక్కుండా నాలుగిళ్ళలో జుట్టు ఊడిందని కబురొస్తే, గుండ్లు కొట్టించకముందే కొన్ని దాచి పెట్టించండి. ఊడిన వెంట్రుకలు తేదీ వేసిన కాగితం పొట్లంలో. తాగే నీళ్ళు శుభ్రమైన సీసాలో. ఆ నెల తిన్న బియ్యం, గోధుమలు, పిండి, పప్పు గుప్పెడేసి విడివిడి సంచుల్లో, ఎక్కడ కొన్నదీ రాసి. వచ్చిన సంచీ మీది అచ్చు చింపెయ్యవద్దని చెప్పండి. ఏ ఇంట్లో రాలలేదో ఆ ఇంటివాళ్ళు ఏం తిన్నారో కూడా అడిగి రాసుకోండి.