వేలికా? మణికట్టుకా?

ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ అకౌంట్లో పడ్డ రోజు నా కన్ను స్మార్ట్ రింగ్ మీదే ఉంది. హాస్టల్లో ఒకడు పెట్టుకుని తిరుగుతుంటే చూసి మనసు పారేసుకున్నా. అంతలో ఇంటి నుంచి నాన్న ఫోన్. "ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోందిరా. అయిదు నిమిషాలకి అదే తగ్గిపోతుంది. ఆసుపత్రికి వెళ్లేసరికి ఏమీ ఉండదు" అన్నారు. రెండుసార్లు తీసిన ఈసీజీ నార్మలే వచ్చింది. దాంతో ప్రశ్న మారిపోయింది: నాన్నకి ఏది కొనాలి, ఉంగరమా, వాచీనా? వారం రోజులు దీని మీదే కూర్చున్నా.

రెండింటి లోపలా ఉన్న కిటుకు ఒకటే. పేరు ఫొటోప్లెథిస్మోగ్రఫీ, పొట్టిగా పీపీజీ. ఎల్‌ఈడీ చర్మంలోకి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా నాళాల్లో రక్తం పెరిగి, వెనక్కొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని ఫొటోడయోడ్ పట్టుకుంటుంది. వేలిలో అరచేతి వైపు ధమనులు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఉంగరానికి సిగ్నల్ బాగా అందుతుంది. మణికట్టు పైభాగంలో ఎముకలు, టెండన్లు, వెంట్రుకలు, పైగా వదులుగా కట్టుకున్న బెల్టు! కదలకుండా పడుకునే రాత్రివేళ ఉంగరం హాయి. బరువు కొన్ని గ్రాములే, ఛార్జింగ్ సుమారు వారం వస్తుంది. మీకు కావలసింది నిద్ర లెక్క మాత్రమే అయితే ఇక్కడే ఆగిపోయి ఉంగరం కొనుక్కోవచ్చు. (ఎడమ చేతికి పెట్టుకోండి, పప్పన్నం కలిపేటప్పుడు నాకు దండం పెడతారు.)

అసలు తిప్పలు కదిలేటప్పుడు. చకచకా నడిస్తే నిమిషానికి 120 అడుగులు పడతాయనుకోండి, అంటే 2 హెర్ట్జ్. ఆ నడకకి గుండె కూడా నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే అదీ 2 హెర్ట్జే! సిగ్నలూ నాయిసూ ఒకే బ్యాండులో కూర్చుంటే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ మాత్రం ఏం చేస్తుంది పాపం? అందుకే యాక్సిలరోమీటర్ రీడింగుని రిఫరెన్సుగా తీసుకుని, అడాప్టివ్ ఫిల్టర్‌తో నడకని తీసేస్తారు. డీఎస్పీ క్లాసులో ఎల్‌ఎంఎస్ అల్గారిదం ఎందుకురా బాబూ అని తిట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎంత తీసినా కొంత మిగులుతుంది. ఒక్కోసారి స్క్రీన్ మీద కనిపించేది మీ గుండె కాదు, మీ అడుగులు.

ఇక నాన్న దడ సంగతి. పీపీజీ చూసేది రక్తం కదలికని, గుండెలోని విద్యుత్తుని కాదు. లయ తప్పిందేమో అని అనుమానం మాత్రమే చెప్పగలదు. ఆపిల్ వాచీతో 4 లక్షల 19 వేల మంది మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికి. వాళ్లలో ఆ తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టి చూసినవాళ్లలో 34 శాతం మందిలోనే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ దొరికింది. మిగతావన్నీ తప్పుడు హెచ్చరికలు అనడానికీ లేదు, ఎందుకంటే ఆ జబ్బు వచ్చిపోతూ ఉంటుంది. నాన్న దడ లాగే.

వచ్చిపోయేదాన్ని వచ్చినప్పుడే పట్టుకోవాలి. 24 గంటల హోల్టర్ పెట్టినా ఆ రోజే దడ రావాలిగా! ఇక్కడ వాచీ గెలిచింది. ఈసీజీ ఉన్న వాచీ అడుగుభాగం ఎడమ మణికట్టుకి తగులుతుంది. కుడిచేతి వేలు బటన్ మీద పెడితే రెండు చేతుల మధ్య గుండె సర్క్యూట్లోకి వస్తుంది. 30 సెకన్లలో సింగిల్ లీడ్ గ్రాఫ్, డాక్టరుకి చూపించడానికి పీడీఎఫ్. ఊరా రింగ్ లోనూ, గెలాక్సీ రింగ్ లోనూ ఇది లేదు. చవక వాచీల్లోనూ ఉండదు, గుండె బొమ్మ చూసి మోసపోకండి. ఇంకో మెలిక: ఆపిల్ వాచీకి ఐఫోన్, శాంసంగ్ ఈసీజీకి శాంసంగ్ ఫోనే ఉండాలి. మరొకటి, ఈ గ్రాఫ్ గుండెపోటుని కనిపెట్టదు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ నొక్కుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి, నాన్నకి ఇది మూడుసార్లు చెప్పాను. సూది గుచ్చకుండా షుగర్ చెప్తామనే ఉంగరాలూ వాచీలూ కొనొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

పైగా నాన్న పొలంలో పార పట్టే మనిషి, చేతికి ఉంగరం నిలవదు. మన వర్క్‌షాప్‌లో లేత్ దగ్గరికి వెళ్లేముందు ఉంగరాలు తీయించేదీ అందుకేగా, ఇరుక్కుంటే వేలే పోతుంది.

చివరికి స్టైపెండ్ కొంత, అక్క ఇచ్చింది కొంత కలిపి శాంసంగ్ వాచీ కొన్నా, నాన్న ఫోను అదే కాబట్టి. "రోజూ ఛార్జింగ్ ఏంట్రా, మోటారులాగా" అని విసుక్కున్నారు. మూడో వారం బస్టాండులో దడ వస్తే, బెంచీ మీద కూర్చుని బటన్ మీద వేలు పెట్టారట. ఆ పీడీఎఫ్ వాట్సాప్‌లో నాకొచ్చింది. మా ఊరి డాక్టరు గారు దాన్ని చూసి కార్డియాలజిస్టుకి రాసిచ్చారు. సోమవారం అపాయింట్‌మెంట్, నేనూ వెళ్తున్నా.